రెండు చేతుల పని ఒక్క వేలికి: సీబోర్డ్ మీద గమకం

సీబోర్డ్ కొన్న మొదటి మూడు నెలలు దాన్ని మామూలు కీబోర్డ్ లాగే వాయించాను. చూడ్డానికి అలాగే ఉంటుంది మరి. రంగు మొత్తం నలుపే అయినా కీస్ వరస మాత్రం అదే, సా ఎక్కడో పా ఎక్కడో చూడగానే తెలిసిపోతుంది, వేళ్ళు పాత అలవాటు ప్రకారం కొట్టడం మొదలెడతాయి, కొడితే మోగుతుంది కూడా. అలా మోగినన్నాళ్ళూ నేను ఇంకో పద్ధతి ఉంటుందని వెతకనే లేదు. ఈ పోస్టు ఆ మూడు నెలల తర్వాత దాని మీద గమకం, అంటే స్వరాన్ని ఊపుతూ వంచుతూ పలికించడం, ఎలా నేర్చుకున్నానన్న దాని గురించి, ముఖ్యంగా కర్ణాటక సంగీతం కొంచెమైనా నేర్చుకుని ఇలాంటి వాయిద్యం కొన్నవాళ్ళ కోసం.

తెలియనివాళ్ళకి ముందు రెండు ముక్కలు. సీబోర్డ్ లండన్‌లోని రోలీ కంపెనీ తయారుచేసిన వాయిద్యం, ఆ కంపెనీ మొదలుపెట్టినాయన పేరు రోలండ్ లాంబ్. 2013లో పెద్ద మోడల్ బయటికొచ్చింది, 2015లో రైజ్ 25, మరుసటి ఏడాది 49 కీస్‌ది, 2022లో రైజ్ 2. నా దగ్గరున్నది పాత రైజ్ 25, సెకండ్ హ్యాండ్‌లో తీసుకున్నది, రెండు స్థాయిలే ఉంటాయి. కీస్ విడివిడిగా ఉండవు. మొత్తం ఒకే మెత్తటి సిలికాన్ పరుపు, కీ ఉండాల్సిన చోటల్లా చిన్న అలలాగా ఉబ్బి ఉంటుంది, ఆ అలలకి పైనా కిందా చదునైన పట్టీ ఒకటి సాగుతుంది. వేలు తగిలిన వేగాన్ని స్ట్రైక్ అంటారు, తగిలాక నొక్కే బరువు ప్రెస్, కుడిఎడమలకి జరిగితే గ్లైడ్, పైకీ కిందకీ జరిగితే స్లైడ్, వేలు లేచే వేగం లిఫ్ట్. ఈ ఐదింటినీ వాయిద్యం ప్రతి వేలికీ విడివిడిగా గమనిస్తూ ఉంటుంది.

కాకినాడలో మా పెద్దమ్మ దగ్గర ఏడేళ్ళు వీణ నేర్చుకున్నాను. ఉద్యోగం, హైదరాబాదు, ఆ తర్వాత వీణ అక్కడే ఉండిపోయింది. సీబోర్డ్ పట్టుకుని సంక్రాంతికి వెళ్ళినప్పుడు ఆవిడ ముందు మోహన రాగం వాయించాను, ఆ తర్వాత తోడి రాగం. మోహన విని తలూపింది. తోడి సగంలో చెయ్యెత్తి ఆపింది.

"స్వరాలు బానే పడుతున్నాయి నాన్నా, కానీ ఒక్కోటీ మేకులా దిగుతోంది. వీణ మీద నీ ఎడమ చెయ్యి చేసే పని ఇక్కడ ఎవరు చేస్తున్నారు?"

ఆవిడకి కీబోర్డ్ లాంటి వాయిద్యాల మీద నమ్మకం మొదట్నుంచీ తక్కువే. ఆకాశవాణి హార్మోనియాన్ని 1940లో ఆపేసి 1971 దాకా మళ్ళీ రానివ్వలేదు, అందులో గమకం పలకదన్నది అప్పుడు చెప్పిన ముఖ్య కారణాల్లో ఒకటి, పెద్దమ్మ ఆ మాట ఇప్పటికీ చెప్తుంది. కానీ ఆ రోజు ఆవిడ సీబోర్డ్‌ని తప్పు పట్టలేదు, ఎడమ చెయ్యేదని అడిగింది. ఆ ప్రశ్నే నాకు దారి చూపించింది.

వీణ మీద కుడి చెయ్యి మీటుతుంది, ఎడమ చెయ్యి మెట్టు మీద తీగని లాగి స్వరాన్ని వంచుతుంది. వయొలిన్ మీద కమాను ఒక చేతిలో, వేళ్ళు ఇంకో చేతివి. 1928లో ఫ్రాన్స్‌లో మార్టెనో అనే ఆయన చేసిన ఎలక్ట్రానిక్ వాయిద్యంలో కూడా కుడి చేతి వేలికి ఉంగరం తొడుక్కుని తీగ వెంట జరుపుతుంటే ఎడమ చెయ్యి ఒక మీట నొక్కుతూ ధ్వని పెంచడం తగ్గించడం చూసుకుంటుంది. స్వరం ఎటు వెళ్ళాలన్నది ఒక చేతి పని, ఎంత గట్టిగా మోగాలన్నది ఇంకో చేతి పని. సీబోర్డ్ మీద ఈ రెండూ ఒకే వేలి మీద పడతాయి. పక్కకి జరిగేదీ అదే, నొక్కేదీ అదే. పక్కకి జరుపుతుంటే తెలియకుండానే బరువు మారుతుంది, బరువు పెంచబోతే వేలు కాస్త పక్కకి పోతుంది. ఈ వాయిద్యం మీద కష్టం అంటూ ఉంటే దాదాపు అంతా ఇక్కడే ఉంది. అందుకని నా సాధన అంతా ఆ రెండు పనుల్నీ వేలికి విడివిడిగా నేర్పించడమే.

రైజ్ మీద ఎడమ పక్కన గ్లైడ్, స్లైడ్, ప్రెస్‌లకి ఒక్కో టచ్ ఫేడర్, అంటే దాని ప్రభావాన్ని వేలితో జరిపి పెంచే తగ్గించే చోటు, ఉంటుంది. మొదటి వారం గ్లైడ్‌నీ స్లైడ్‌నీ పూర్తిగా కిందకి దించేసి ప్రెస్ ఒక్కటే ఉంచుకున్నాను. సా మీద వేలు పెట్టి, నాలుగు లెక్కపెట్టేలోపు ధ్వని సున్నా నుంచి నిండుగా రావాలి, మళ్ళీ నాలుగులో సున్నాకి పోవాలి. వినడానికి తేలిగ్గా ఉంటుంది కానీ మొదట్లో ధ్వని మెట్లు మెట్లుగా పెరుగుతుంది, ఎందుకంటే మనం వేలి కొసతో పొడుస్తాం. గోరు పూర్తిగా కత్తిరించుకుని, వేలిని పడుకోబెట్టి, కండ ఉన్న మెత్తటి భాగంతో నొక్కాలి. బరువు ఎంత అంటే, బజార్లో మామిడిపండు పండిందో లేదో అని నొక్కి చూస్తామే అంత, పండు మీద మచ్చ పడకూడదు. అంతకంటే ఎక్కువ నొక్కితే శబ్దం పెరగదు, మణికట్టు నొప్పి పెడుతుంది అంతే. నొప్పి మొదలైతే ఆపేయండి, భుజం దించి మోచేతిని కీస్ ఎత్తులోకి తెచ్చుకుని మళ్ళీ మొదలెట్టండి.

రెండో వారం దీనికి తిరగేసి. ప్రెస్ దించేసి గ్లైడ్ మొత్తం పైకి. ఇప్పుడు ఎంత నొక్కినా ధ్వని ఒకేలా ఉంటుంది, స్వరం మాత్రం వేలితో పాటే పోతుంది. తంబురా పెట్టుకుని, కింది పట్టీ మీద సా నుంచి పా దాకా జరిపి, కళ్ళు మూసుకుని, చెవి చెప్పినచోట ఆగాలి, ఆగాక కళ్ళు తెరిచి వేలెక్కడుందో చూసుకోవాలి. ఇది రోజూ పదిహేను నిమిషాలు చేశాను, ఇప్పటికీ చేస్తాను. అల మీదుగా జరిపితే ప్రతి కీ దగ్గరా చిన్న ఎత్తుపల్లం వేలికి తగులుతుంది, అది స్వరాన్నీ కుదుపుతుంది, అందుకే ఎక్కువ దూరం పోవాలంటే వేలిని పట్టీ మీదకి దించి పోవడమే మంచిది. ఒక్క స్వరం చుట్టూ ఊగడానికైతే అలే హాయిగా ఉంటుంది, ఆ ఉబ్బు వేలికి తిరిగొచ్చే చోటు చూపిస్తుంది.

ఈ రెండూ వచ్చాక ఒకేసారి కలపాలి, అక్కడే జారు, అంటే ఒక స్వరం నుంచి ఇంకో స్వరానికి తెగకుండా జారే గమకం, దగ్గర నాకు అసలు విషయం అర్థమైంది. వీణ మీద జారు వేసేటప్పుడు మీటిన ధ్వని అప్పటికే తగ్గుతూ ఉంటుంది, అందుకే స్వరం జారుతుంటే అంత మృదువుగా వినిపిస్తుంది. సీబోర్డ్ మీద వయొలిన్ లాంటి నిలబడే ధ్వని పెట్టుకుని అదే బరువుతో సా నుంచి పై స్థాయి సా దాకా జరిపితే అంబులెన్స్ సైరన్ లాగా ఉంటుంది. కాబట్టి జారేటప్పుడు బరువు తీసెయ్యాలి. బయలుదేరే ముందు స్వరం మీద కాస్త నిలబడి, కదలగానే సగానికి పైగా బరువు వదిలేసి, చేరాల్సిన స్వరం మీదకి వచ్చాక మళ్ళీ కొంచెం నొక్కాలి. ఇంకొకటి, దారంతా ఒకే వేగం వద్దు. బయలుదేరడం నిదానంగా, చివర్లో చురుగ్గా. దీన్ని సరిగ్గా పట్టుకోవడానికి నాకు నెల పట్టింది, పట్టుకున్న రోజు రాత్రి పన్నెండు దాకా హెడ్‌ఫోన్స్ పెట్టుకుని ఒక్క పా-సా జారే వాయిస్తూ కూర్చున్నాను.

కంపితం, అంటే ఒక స్వరాన్ని అటూ ఇటూ ఊపే గమకం, ఇంకా కష్టం. వేలిని కుడిఎడమలకి ఊపుతుంటే రెండు కొసల దగ్గరా బరువు పెరుగుతుంది, దాంతో స్వరంతో పాటు ధ్వని కూడా ఊగి జ్వరమొచ్చిన గొంతులా వణుకుతుంది. దీనికి రెండు ఉపాయాలు. ఊపు వేలి కణుపు నుంచి రాకూడదు, ముంజేయి మొత్తం నుంచి రావాలి, వేలి మెత్తటి భాగం కీకి అతుక్కునే ఉండాలి. రెండోది వీణ నుంచి తెచ్చుకున్నది. అక్కడ చూపుడు వేలూ మధ్య వేలూ జతగా తీగ మీద ఉంటాయి, ఒకటి ఇంకోదానికి బలం. ఇక్కడ రెండు వేళ్ళూ పక్కపక్కన పెడితే వాయిద్యం రెండు స్వరాలుగా లెక్కపెట్టే ప్రమాదం ఉంది, అందుకని చూపుడు వేలి కొసని మధ్య వేలి గోరు మీద ఆనిస్తాను. మధ్య వేలొక్కటే కీని తాకుతుంది, బరువు మాత్రం రెండు వేళ్ళది. వణుకు చాలావరకు పోయింది.

తోడి గాంధారం దగ్గరికి వస్తే ఇంకో చిక్కు. ఒకటో శ్రుతిలో, అంటే సి కీని సాగా పెట్టుకుని, వాయిస్తే సాధారణ గాంధారం కీ మీద వేలు పెట్టి అటూ ఇటూ కొంచెం ఊపితే తోడి రాదు. ఆ గాంధారం గాంధారం కీ మీద ఉండదు, రిషభానికీ మధ్యమానికీ మధ్య ఊగుతూ ఉంటుంది, వీణ మీద రిషభం మెట్టు దగ్గరే తీగని లాగి పలికిస్తాం. అంటే సీబోర్డ్ మీద శుద్ధ రిషభం దగ్గర మొదలై శుద్ధ మధ్యమం దాకా నాలుగు స్వరస్థానాల దూరం (ఒక కీ నుంచి పక్క కీకి, నల్లవి కూడా కలిపి, ఒక స్వరస్థానం) చెయ్యి ఊగాలి, అదీ కాలానికి సరిపోయేలా. మొదట విలంబంలో, అంటే బాగా నిదానంగా, తాళంలో ఒక అక్షరానికి ఒక్క ఊపుతో మొదలుపెట్టాను.

ఇక్కడ నాకు బాగా పనికొచ్చినది రికార్డింగ్. ఎబుల్టన్ లైవ్ అనే రికార్డింగ్ సాఫ్ట్‌వేర్‌లో 2021లో వచ్చిన 11వ వెర్షన్ నుంచి ప్రతి స్వరానికీ దాని వంపు గీతగా కనిపిస్తుంది. నా తోడి గాంధారం చూస్తే పైకీ కిందకీ సమానంగా పోయే ముద్దైన అలలు. పెద్దమ్మ పాడింది ఫోన్లో రికార్డు చేసుకుని పక్కన పెట్టుకుని విన్నాను. ఆవిడ పైన మధ్యమం దగ్గర ఎక్కువసేపు ఉండి, కిందకి చటుక్కున దిగి, వెంటనే పైకి పోతోంది. ఏ రెండు ఊపులూ ఒకేలా లేవు. సుబ్బరామ దీక్షితులు 1904లో ఎట్టయపురంలో తెలుగులో అచ్చువేయించిన సంగీత సంప్రదాయ ప్రదర్శినిలో స్వరాలకి గమకాల గుర్తులు ఉంటాయి, కంపితానికి వంకర గీత, జారుకి ఏటవాలు గీత. చిన్నప్పుడు వాటిని ఏవో గుర్తుల్లా దాటేసేదాన్ని. ఇప్పుడు చూస్తే నా వేలు ఎటు వెళ్ళాలో గీసి పెట్టిన బొమ్మల్లా ఉన్నాయి.

స్ఫురితం అనే ఇంకో గమకానికి గ్లైడ్ అవసరమే లేదు. ఒకే స్వరం రెండేసిసార్లు వచ్చే జంట స్వరాల్లో రెండో రిషభం ముందు సా ఒక్క క్షణం తగిలి రిషభం మీద ఒత్తు పడాలి కదా, దానికి చూపుడు వేలు సా మీద, మధ్య వేలు రి మీద, టకటకా కొట్టడమే. కానీ ఇక్కడ స్ట్రైక్ ముఖ్యం, సా మీద చాలా మెల్లగా, రి మీద గట్టిగా. మాయామాళవగౌళ రాగంలో జంట వరసలు మొత్తం ఇలా వాయిస్తే వేళ్ళకి తేడా తెలుస్తుంది.

ఇక సెట్టింగులు. మనవాళ్ళకి వాయిద్యాన్ని గమకానికి తగ్గట్టు మార్చుకోవడం కొత్త కాదు, పాలకొల్లులో పుట్టిన మాండొలిన్ శ్రీనివాస్ జంట తీగలు తీసేసి ఐదు ఒంటి తీగల ఎలక్ట్రిక్ మాండొలిన్ మీద గమకాలు పలికించారు. మనం మార్చాల్సింది సాఫ్ట్‌వేర్‌లో కొన్ని అంకెలు. మామూలు మిడీ కీబోర్డ్ (వాయించినదాన్ని కంప్యూటర్‌కి సంకేతాలుగా పంపేది) మీద పిచ్ వీల్, అంటే స్వరాన్ని వంచే చక్రం, తిప్పితే నొక్కిన స్వరాలన్నీ కలిసి వంగుతాయి. సీబోర్డ్ వాడే పద్ధతి ఎంపీఈ, 2018లో అది అందరూ ఒప్పుకున్న ప్రమాణం అయింది, అందులో ఒక్కో వేలికి ఒక్కో మిడీ చానల్ ఇస్తారు. దీనివల్ల మనకి కలిగే మేలు పెద్దది. ఎడమ చేత్తో సా, పా నొక్కిపెట్టుకుని కుడి చేత్తో తోడి గాంధారం ఊపితే కింద శ్రుతి ఇసుమంత కూడా కదలదు.

ఎక్కువమంది తడబడేది బెండ్ రేంజ్, అంటే స్వరం ఎంత దూరం దాకా వంగొచ్చో చెప్పే అంకె, దగ్గర. సీబోర్డ్‌లో అది మామూలుగా 48 ఉంటుంది, అంటే ఒక్కో వైపు 48 స్వరస్థానాలు. మీరు వాడే సింథ్‌లో, అంటే ధ్వనిని పుట్టించే సాఫ్ట్‌వేర్‌లో, కూడా అదే 48 పెట్టాలి. వేలు ఎంత దూరం జరిపినా స్వరం కొంచెమే కదులుతోందంటే సింథ్‌లో 2 ఉండిపోయిందని అర్థం. చిన్నగా కదిపితేనే ఎక్కడికో ఎగిరిపోతోందంటే సీబోర్డ్ అంకె కంటే సింథ్ అంకె పెద్దది. వంపుకి మొత్తం 16,384 విలువలుంటాయి, 96 స్వరస్థానాలకి పంచితే ఒక్కో స్వరస్థానానికి దాదాపు 170. శ్రుతి భేదాలు సన్నగా పలకడానికి ఇది చాలు, డిజిటల్ కాబట్టి మెట్లు మెట్లుగా వినిపిస్తుందన్న భయం అక్కర్లేదు. కొందరు కావాలనే సింథ్ అంకెని రెట్టింపు చేస్తారు, అప్పుడు వీణ తీగ లాగినట్టు చిన్న కదలికకే పెద్ద వంపు వస్తుంది, తోడి గాంధారానికి రెండు స్వరస్థానాల దూరం ఊపితే చాలు. నేను రెండు వారాలు అలా వాడి మానేశాను. వేలు ఉన్నచోటు ఒకటి, చెవికి వినిపించేది ఇంకోటి అయిపోతుంది, పట్టీ మీద జారు వేస్తే చేరాల్సిన స్వరం తప్పిపోతుంది. వేలు ఎక్కడుంటే స్వరం అక్కడుండటమే నాకు ముఖ్యం.

స్లైడ్ గురించి తక్కువ చెప్పాను, ఎందుకంటే గమకానికి దాని అవసరం తక్కువ. అది 74వ కంట్రోల్ నంబర్ మీద వెళ్తుంది, ఎక్కువ ధ్వనుల్లో ఫిల్టర్‌ని తెరుస్తుంది, అంటే ధ్వనిని పదునెక్కిస్తుంది. వేలు ఎక్కడ తగిలిందన్న దాన్ని బట్టి కాకుండా తగిలిన చోటు నుంచి ఎంత కదిలిందన్న దాన్ని బట్టి పనిచేసేలా పెట్టుకోండి, లేకపోతే నల్ల కీస్ స్థానాలకి వెళ్ళినప్పుడల్లా ధ్వని అనుకోకుండా పదునెక్కుతుంది.

ధ్వని ఎంపికలో నా మాట, మొదటి ఆర్నెల్లు సితార్, వీణ పేర్లున్న ధ్వనుల జోలికి పోకండి. వాటిలో మీటు ముందే రికార్డై ఉంటుంది, అది మీ వేలి తప్పుల్ని దాచేస్తుంది. ఏ అలంకారమూ లేని, రెవెర్బ్ (ప్రతిధ్వని) తీసేసిన, వేణువుకి దగ్గరగా ఉండే సాదా ధ్వని తీసుకోండి. తప్పు వెంటనే వినిపిస్తుంది.

ఒక చిన్న జాగ్రత్త, వీణ అలవాటుతో వేళ్ళకి కొబ్బరినూనె రాసుకుని సీబోర్డ్ ముట్టుకోవద్దు. చేతులు కడుక్కుని పూర్తిగా ఆరాక కూర్చోండి, తడి ఉంటే సిలికాన్ మీద వేలు పట్టేసి జారు తెగిపోతుంది. వాయించాక మెత్తటి బట్టని కొంచెం తడిపి పిండి తుడిస్తే చాలు.

సీబోర్డే కొనాలా అని అడిగేవాళ్ళకి. ఏ.ఆర్. రెహమాన్ వాయించే పొడవాటి ఎర్రటి పలక చూసే ఉంటారు, అది కంటిన్యువం, అమెరికాలో ఇలినాయ్ విశ్వవిద్యాలయంలో పనిచేసిన లిపోల్డ్ హాకెన్ చేసింది. దాని మీద అలలు, కీస్ ఏమీ ఉండవు, వయొలిన్ లాగా చెవి ఒక్కటే దిక్కు. ఖరీదు చాలా ఎక్కువ. రోజర్ లిన్ చేసిన లిన్‌స్ట్రుమెంట్ 8 వరసల్లో 200 గళ్ళ పలక, తీగ వాయిద్యాల వాళ్ళకి తొందరగా అలవాటవుతుంది. ఫ్రాన్స్ నుంచి వచ్చిన ఆస్మోస్‌కి నిజమైన కీస్ ఉంటాయి, ఒక్కో కీ పక్కలకి కూడా ఊగుతుంది, పియానో చేతులకి అది సులువు. దాని మీద కంపితం చక్కగా వస్తుందని నా అభిప్రాయం, జారుకి మాత్రం నాకు పట్టీ ఉన్నదే ఇష్టం.

పోయిన నెల మళ్ళీ కాకినాడ వెళ్ళాను. తోడి వాయించాను, ఈసారి ఆపలేదు. అయ్యాక సీబోర్డ్‌ని తన ఒళ్ళోకి లాక్కుని, చూపుడు వేలూ మధ్య వేలూ జతచేసి, వీణ మెట్టు మీద పెట్టినట్టే రిషభం మీద పెట్టి లాగింది. రెండు స్వరాలు మోగాయి. నేను ఆవిడ చూపుడు వేలిని ఎత్తి మధ్య వేలి గోరు మీద పెట్టాను. ఇంకోసారి లాగింది, గాంధారం వచ్చింది. కాసేపు ఏం మాట్లాడలేదు, అలా ఊపుతూనే ఉంది, తర్వాత "శహన రిషభం పలుకుతుందేమో చూడు, దసరాకి వచ్చినప్పుడు వినిపించు" అంది. శహన రాగంలో గాంధారం నుంచి రిషభం మీదకి వచ్చి వాలే ఆ చిన్న దిగుడు ఉంది చూడండి, అక్కడ బరువు ఎక్కడ వదలాలో నాకింకా దొరకలేదు. రోజూ పొద్దున్నే దాని మీదే కూర్చుంటున్నాను.